రిపేరు షాపు సొరుగుల మీద ప్రాసెసర్ పేరు ఎలా రాయాలి?

గట్టుమీద_సోల్డర్ (భీమవరం)

నమస్కారం అండీ. భీమవరంలో ఆక్వా పరికరాల రిపేరు షాపు మాది. ఏరియేటర్ స్టార్టర్లలోని టైమర్ బోర్డులు, ఫోను నుంచి మోటారు వేసే జీఎస్ఎం పెట్టెలు, ఆక్సిజన్ మీటర్లు, మేత చల్లే ఆటో ఫీడర్లు, సీసీ కెమెరా రికార్డర్లు, రూటర్లు, అన్నీ మా బల్ల మీదికే వస్తాయి. కొత్తగా కొన్న చిప్పులు, పాడైన బోర్డుల నుంచి ఊడదీసినవి గోడకు వరుసగా ఉన్న సొరుగుల్లో పెడతాం.

తగువంతా ఆ సొరుగుల చీటీల దగ్గరే. ఒక కుర్రాడు "ఈఎస్‌పీ32" అని రాస్తాడు. ఇంకొకడు అదే చిప్పుకు "ఎక్స్‌టెన్సా" అని రాస్తాడు. మా బావమరిది "32 బిట్" అని రాసి చేతులు దులుపుకుంటాడు. మూడూ తప్పని అనలేను. కానీ రాత్రి పదకొండు గంటలకు రైతు బోర్డు పట్టుకుని వచ్చి నిలబడితే, తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయేలోగా ఏరియేటర్లు తిరగాలి. అప్పుడు మూడు సొరుగులు వెతికే తీరిక ఉండదు.

ప్రాసెసర్లకు పేర్లు పెట్టడానికి, వర్గాలుగా విడదీయడానికి ఒక పద్ధతి ఉంటుంది కదా. అదేమిటో తెలిసినవారు చెబితే కొత్త రిజిస్టరు తెరుస్తాను.

లాజిక్_మాస్టారు (కాకినాడ)

మీ మూడు చీటీలూ మూడు వేర్వేరు స్థాయుల పేర్లు, అందుకే మూడూ నిజమయ్యాయి. బోధించేటప్పుడు నేను ఈ వరుస చెబుతాను.

మొదటిది ఇన్‌స్ట్రక్షన్ సెట్. ప్రాసెసర్‌కు ఏ ఆదేశాలు అర్థమవుతాయి, అవి ఏ బిట్ల రూపంలో ఉండాలి అనే ఒప్పందం ఇది, కాగితం మీద ఉండే విషయం. రెండోది కోర్, అంటే ఆ ఒప్పందాన్ని అమలు చేసే సర్క్యూట్ డిజైన్. ఒకే ఒప్పందానికి చిన్న కోర్, పెద్ద కోర్, పొదుపు కోర్ ఎన్నైనా ఉండవచ్చు. మూడోది చిప్పు. ఒకటో నాలుగో కోర్లు, మెమరీ, టైమర్లు, పిన్నులు కలిపి కంపెనీ అమ్మే వస్తువు అది.

రాస్ప్‌బెర్రీ పై 3 తీసుకోండి. అది బోర్డు. దాని మీద చిప్పు బ్రాడ్‌కామ్ బీసీఎం2837. అందులో నాలుగు కార్టెక్స్-ఏ53 కోర్లు. ఆ కోర్ పాటించే ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఆర్మ్‌వీ8-ఏ. నాలుగు పేర్లూ ఒకే ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నాయి, దేనికదే వేరు.

ఈ విభజన కొత్తదేమీ కాదు. 1964లో ఐబీఎం సిస్టమ్/360 ప్రకటించినప్పుడు ధరలోను వేగంలోను ఎంతో తేడా ఉన్న యంత్రాలు ఒకే ప్రోగ్రామును నడిపేలా రూపొందించింది. ఒప్పందం వేరు, దాన్ని అమలు చేసే యంత్రం వేరు అనే ఆలోచన పరిశ్రమలో స్థిరపడింది అప్పుడే.

కొబ్బరాకు_కోడ్ (అమలాపురం)

మాస్టారూ, వరుస బాగుంది. కానీ కంపెనీలు ఆ వరుసను దాచిపెట్టడానికే పేర్లు పెడతాయేమో అనిపిస్తుంది నాకు. కోర్లు డిజైన్ చేసే ఆర్మ్ కంపెనీ వాళ్ల పాత పేర్లే చూడండి. ఆర్మ్7 అనేది కోర్. ఆర్మ్‌వీ7 అనేది ఇన్‌స్ట్రక్షన్ సెట్. మధ్యలో ఒక్క అక్షరమే తేడా. ఒకప్పటి ఫోన్లలో విస్తారంగా వాడిన ఆర్మ్7టీడీఎంఐ కోర్ పాటించేది ఆర్మ్‌వీ4టీ. ఆర్మ్11 కోర్ పాటించేది ఆర్మ్‌వీ6. అంటే 11 అని రాసి ఉన్నది 6వ కూర్పును, 7 అని రాసి ఉన్నది 4వ కూర్పును నడుపుతాయి!

తర్వాత కార్టెక్స్ అని కొత్త పేరు పెట్టి ఏ, ఆర్, ఎం అని మూడు తరగతులు చేశారు. ఫోన్లు, కంప్యూటర్లకు ఏ. బ్రేకులు, హార్డ్ డిస్కుల వంటి, క్షణం ఆలస్యం పనికిరాని పనులకు ఆర్. చిన్న కంట్రోలర్లకు ఎం. మూడు అక్షరాలూ కలిపితే కంపెనీ పేరే వస్తుంది, ముచ్చటపడే పెట్టి ఉంటారు. ఇది మాత్రం పనికొచ్చే వర్గీకరణే. షాపువారికి వచ్చేవి చాలావరకు ఎం తరగతివే అయి ఉంటాయి.

పాలకొల్లు_ఫర్మ్‌వేర్

సోల్డర్ గారూ, అసలు పాయింటు మీ "ఈఎస్‌పీ32" చీటీలోనే ఉంది, ముందు దాన్ని చింపేయండి.

ఈఎస్‌పీ32 అనేది ఇప్పుడు ఒక చిప్పు పేరు కాదు, ఒక కుటుంబం పేరు. మొదట వచ్చిన ఈఎస్‌పీ32లో ఎక్స్‌టెన్సా అనే ఇన్‌స్ట్రక్షన్ సెట్ పాటించే ఎల్‌ఎక్స్6 కోర్లు. అదే కుటుంబంలోని ఎస్3లో ఎల్‌ఎక్స్7. సీ3లో ఎక్స్‌టెన్సా కానే కాదు, రిస్క్-ఫైవ్ అనే వేరే ఇన్‌స్ట్రక్షన్ సెట్ పాటించే కోర్ ఒక్కటే. మొదటిదాని కోసం తయారైన ఫర్మ్‌వేర్ (చిప్పులో ఎక్కించే ప్రోగ్రాము) ఫైలును సీ3లో ఎక్కిస్తే ఒక్క ఆదేశం కూడా నడవదు. పేరులో ముందు భాగం ఒకటే, లోపల భాషే వేరు.

మా వంటివాళ్లకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. సోర్స్ కోడ్, అంటే మనిషి రాసిన ప్రోగ్రాము, మా దగ్గర ఉంటుంది, టూల్‌లో టార్గెట్ మార్చి మళ్లీ కంపైల్ చేస్తాం. పిన్నులు సరిచూసుకుంటే చాలు. మీ దగ్గర ఉండేది యంత్ర భాషలోకి మార్చేసి కంపెనీ ఇచ్చిన బైనరీ ఫైలు మాత్రమే. సోర్స్ లేనివాడికి ఇన్‌స్ట్రక్షన్ సెట్ ప్రాణం. సోర్స్ ఉన్నవాడికి అది కంపైలర్‌లో ఒక సెట్టింగు. వర్గీకరణ ఎలా ఉండాలో తేల్చేది చేతిలో ఏముందన్న ప్రశ్నే, పుస్తకంలో ఏముందన్నది కాదు.

లాజిక్_మాస్టారు (కాకినాడ)

పుస్తకం మీద అంత కోపం ఎందుకండీ! మీరు చెప్పిన "లోపల భాషే వేరు" అన్న మాట పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది.

పాలకొల్లు_ఫర్మ్‌వేర్

కోపం పుస్తకం మీద కాదు మాస్టారూ, పుస్తకంలో రిస్క్ (సరళమైన ఆదేశాల పద్ధతి), సిస్క్ (సంక్లిష్టమైన ఆదేశాల పద్ధతి) పట్టిక మీద. డిప్లొమా పరీక్షల్లో ఇప్పటికీ "రిస్క్, సిస్క్ మధ్య పది తేడాలు రాయండి" అని అడుగుతారు. 1995లో వచ్చిన పెంటియం ప్రో నుంచి ఇంటెల్ చిప్పులు పెద్ద ఆదేశాలను లోపల చిన్న చిన్న పనులుగా విడగొట్టి నడుపుతున్నాయి. రిస్క్ అని చెప్పుకునే పాత ఆర్మ్‌లో ఒకే ఆదేశంతో బోలెడు రిజిస్టర్లను (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గళ్లను) మెమరీలోకి పంపవచ్చు. ఆ గీత ఎప్పుడో చెరిగిపోయింది. సొరుగు మీద "రిస్క్" అని రాసి ఏం ప్రయోజనం?

లాజిక్_మాస్టారు (కాకినాడ)

సొరుగు మీద వద్దు, ఒప్పుకుంటాను. కానీ ఆదేశాల పొడవు స్థిరంగా ఉందా, మెమరీని ఏ ఆదేశాలైనా తాకవచ్చా, లేక లోడ్, స్టోర్ ఆదేశాలకే ఆ హక్కు ఉందా అన్న ప్రశ్నలు డిజైన్ చేసేవాడికి ఇప్పటికీ సజీవమే. 1980 ప్రాంతంలో ఆ చర్చ ఎందుకు పుట్టిందో తెలియకపోతే నేటి డిజైన్లు ఇలా ఎందుకున్నాయో అర్థం కాదు. పది తేడాల ప్రశ్న నీరసమైనదే, అది ప్రశ్నపత్రం తయారుచేసేవారి బద్ధకం.

రెండువంతెనల_పాతకాపు (రాజమహేంద్రవరం)

మీ అందరికంటే పెద్దవాణ్ణి కాబట్టి కొంచెం వెనక్కి తీసుకెళ్తాను. మేము చదివినప్పుడు 8085 కిట్టు మీద హెక్స్ కీలు నొక్కి ప్రోగ్రాము ఎక్కించేవాళ్లం. 1976లో వచ్చిన ఆ చిప్పు పేరులో చివరి 5 ఎందుకంటే దానికి 5 వోల్టుల సప్లై ఒక్కటే చాలు. అంతకు ముందరి 8080కి మూడు రకాల వోల్టేజీలు కావలసి వచ్చేవి. అంటే ఆ అంకె తరాన్నీ చెప్పదు, బిట్లనూ చెప్పదు, కరెంటు సప్లై సంగతి చెబుతుంది. పక్క అంకె 8086 చూస్తే 1978లో వచ్చిన 16 బిట్ల చిప్పు. 8085కు రాసిన బైనరీ దానిలో నడవదు. పేర్లు పక్కపక్కనే ఉన్నాయి, ఆదేశాలు వేరు.

8086 తర్వాత 286, 386, 486 వచ్చాయి. చివర 86 ఉన్న వంశం కాబట్టి ఎక్స్86 అనే పేరు జనం నోట స్థిరపడింది. ఇతర కంపెనీలు కూడా 386 అనే అంకెతోనే చిప్పులు అమ్మడంతో ఇంటెల్ కోర్టుకు వెళ్లింది. 1991లో అమెరికా కోర్టు ఆ అంకె ఎవరి సొత్తూ కాదని తేల్చింది. అందుకే 1993లో 586 రాలేదు, పెంటియం వచ్చింది. గ్రీకులో ఐదు అని అర్థం వచ్చే మాటకు తోక తగిలించారు. చిప్పుల పేర్ల చరిత్రలో సగం ఇంజనీర్లు రాస్తే సగం లాయర్లు రాశారు.

ఇంకో తమాషా ఉంది. ఎక్స్86కి 64 బిట్ల విస్తరణ చేసింది ఇంటెల్ కాదు, ఏఎండీ. 2003లో ఆప్టెరాన్ చిప్పుతో మార్కెట్లోకి తెచ్చింది. ఇంటెల్ అప్పటికి ఇటానియం అనే వేరే దారిలో ఉంది. దాని ఇన్‌స్ట్రక్షన్ సెట్ పేరు ఐఏ-64. చివరికి ఇంటెల్ కూడా ఏఎండీ దారికే వచ్చి దానికి ఇంటెల్ 64 అని పేరు పెట్టుకుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఎక్స్64 అంటారు, లైనక్స్ కెర్నల్ ఎక్స్86-64 అంటుంది, డెబియన్ అనే లైనక్స్ కూర్పు వాళ్లు ఏఎండీ64 అంటారు. అన్నీ ఒకటే. కానీ ఐఏ-64 మాత్రం వేరు! ఇంటెల్ కంప్యూటర్ ఉన్నవాళ్లు "ఏఎండీ64" అన్న ఫైలు చూసి ఇది మనది కాదని వదిలేయడం నేను చాలాసార్లు చూశాను.

లంక_రైతు (ముమ్మిడివరం వైపు)

మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోకండి. మా అబ్బాయికి ల్యాప్‌టాప్ కొనాలి. షాపులో "7000 సిరీస్, కొత్తది" అంటున్నారు. అంకె పెద్దదైతే కొత్తదేనా?

కొబ్బరాకు_కోడ్ (అమలాపురం)

కాదు బాబాయ్ గారూ. మీకు తెలిసిన లెక్కలో చెబుతాను. మార్టేరు వరి రకాల్లో ఎంటీయూ 7029 స్వర్ణ పాతది, ఎంటీయూ 1010 దాని తర్వాత వచ్చింది. అంకె చూసి కొత్తదనం చెప్పగలమా? ఇదీ అంతే.

ఏఎండీ రైజెన్ 7000 ల్యాప్‌టాప్ చిప్పుల్లో మొదటి అంకె మార్కెట్లోకి తెచ్చిన ఏడాది వరుసను చెబుతుంది, మూడో అంకె లోపలి కోర్ డిజైన్ చెబుతుంది. 7520యూలో మూడో అంకె 2, అంటే జెన్ 2, 2019లో మొదలైన డిజైన్. 7840యూలో అది 4, అంటే జెన్ 4. రెండు డబ్బాల మీదా 7000 అనే ఉంటుంది. మూడో అంకె చూసి బేరం ఆడండి.

ఆర్మ్ కోర్లలోనూ ఇదే గోల. కార్టెక్స్-ఏ15 ముందు వచ్చింది, ఏ7 తర్వాత వచ్చింది. అక్కడ అంకె పెద్దదైతే కోర్ పెద్దదని అర్థం, కొత్తదని కాదు.

నిర్వాహకుడు

ల్యాప్‌టాప్ ఏది కొనాలన్న ప్రశ్నలకు వేరే చర్చ ఉంది. రైతు గారి ప్రశ్నకు జవాబు వచ్చింది కాబట్టి ఇక్కడ సొరుగుల సంగతి కొనసాగించండి.

గట్టుమీద_సోల్డర్ (భీమవరం)

చాలా విషయాలు తెలిశాయి. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, రూటర్లు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ పేరు, కింద చిన్న అక్షరాల్లో కూర్పు సంఖ్య మాత్రమే తేడా. ఒకదాని సాఫ్ట్‌వేర్ ఇంకొకదానిలో ఎక్కిస్తే మళ్లీ లేవదు. రెండు, మీద అక్షరాలు గీకేసిన చిప్పులు. ఒక స్టార్టర్ కంపెనీ బోర్డుల్లో ప్రతి చిప్పునూ ఆకురాయితో అరగదీసి పంపుతున్నారు. పేరే లేనిదాన్ని ఏ వర్గంలో వేయాలి?

తణుకు_నెట్‌వర్క్

రూటర్ల మాట నేను చెబుతాను. పాత రూటర్లలో ఎక్కువగా ఉండేది మిప్స్ ఇన్‌స్ట్రక్షన్ సెట్. దీనిలో ఒక మెలిక ఉంది. ఒక సంఖ్య నాలుగు బైట్లు ఆక్రమిస్తే పెద్ద విలువ బైటును ముందు పెట్టాలా, చిన్న విలువ బైటును ముందు పెట్టాలా అన్నది మిప్స్‌లో రెండు రకాలుగానూ ఉండవచ్చు. కాబట్టి కోర్ ఒకటే అయినా ఫైళ్లు రెండు రకాలు. రూటర్లలో ఎక్కించే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల్లో "మిప్స్_24కేసీ" అని ఒకటి, "మిప్స్ఈఎల్_24కేసీ" అని ఒకటి కనిపిస్తాయి. ఆ "ఈఎల్" అనే రెండు అక్షరాలే తేడా, అవి ఉంటే చిన్న బైటు ముందు వచ్చే రకం. ఆథరోస్ చిప్పుల రూటర్లు సాధారణంగా మొదటి రకం, మీడియాటెక్ ఎంటీ7621 వంటివి రెండో రకం.

మోడల్ పేరు అమ్మకం కోసం, కూర్పు సంఖ్య రిపేరు కోసం. కంపెనీలు పెట్టె రంగు మార్చకుండా లోపలి చిప్పు మొత్తం మార్చేస్తాయి. కాబట్టి రూటర్లకు మోడల్, కూర్పు సంఖ్య, చిప్పు మూడూ రాయండి. ఒక్కటి తగ్గినా లాభం లేదు.

పాలకొల్లు_ఫర్మ్‌వేర్

గీకేసిన చిప్పుల సంగతి నాకు ఇష్టమైనది. పైన గీకగలరు గానీ లోపల గీకలేరు కదా. డిజైన్ చేసినవాళ్లు పేరును సిలికాన్‌లోనే రాసి ఉంచుతారు.

కార్టెక్స్-ఎం చిప్పు అని అనుమానం ఉంటే రెండు తీగల డీబగ్ కనెక్షన్ ఇచ్చి చిరునామా ఈ000ఈడీ00 దగ్గరున్న చిప్పు లోపలి రిజిస్టరు చదవండి. అందులో సీ23 అని వస్తే ఎం3 కోర్. సీ24 అయితే ఎం4. సీ20 అయితే ఎం0. సీ60 అయితే ఎం0 ప్లస్. ఎస్‌టీఎం32ఎఫ్103 అని అమ్మే చిప్పుల్లో నకిలీలు పట్టడానికి డీబగ్ కనెక్షన్ ఇవ్వగానే కనిపించే గుర్తింపు సంఖ్య ఉపయోగపడుతుంది. అసలుదైతే 1బీఏ01477 అని వస్తుంది. చాలా నకిలీల్లో మొదటి అంకె 2 అవుతుంది. దాన్ని చూసి ప్రోగ్రామర్ (చిప్పులోకి ప్రోగ్రాము ఎక్కించే పరికరం) సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది, చిప్పు పోయిందనుకుని పారేస్తారు. చిప్పు బాగానే ఉంటుంది, అది వేరొకరు చేసిన చిప్పు, అంతే.

లైనక్స్ నడిచే ఆర్మ్ బోర్డుల్లో ఇంకా సులువు. సీపీయూఇన్ఫో ఫైలు తెరిస్తే తయారీదారు సంకేతం సాధారణంగా 0ఎక్స్41 అని ఉంటుంది. అది ఇంగ్లిష్ పెద్ద ఏ అక్షరం కోడు, అంటే ఆర్మ్ సొంత డిజైన్. దాని కింద డీ03 ఉంటే కార్టెక్స్-ఏ53, డీ08 ఉంటే ఏ72. ఎక్స్86లో అయితే సీపీయూఐడీ అనే ఆదేశానికి చిప్పు తన పేరును పన్నెండు అక్షరాల్లో చెబుతుంది: జెన్యూన్‌ఇంటెల్, లేదా అథెంటిక్‌ఏఎండీ.

డీబగ్‌ను కంపెనీ తాళం వేసి ఉంచితే లోపలి ప్రోగ్రామును తీయడం కుదరదు. కానీ కోర్ ఏ రకమో తెలుసుకునేంత వరకు సాధారణంగా దారి దొరుకుతుంది.

కొబ్బరాకు_కోడ్ (అమలాపురం)

ఎస్‌టీఎం32ఎఫ్103సీ8టీ6 అనే పేరు మీద చిన్న మాట. చూడటానికి లారీ నంబరులా ఉన్నా ప్రతి అక్షరానికీ పని ఉంది. 32 అంటే బిట్లు. ఎఫ్103 సిరీస్. సీ అంటే 48 పిన్నులు. 8 అంటే 64 కిలోబైట్ల ఫ్లాష్, ప్రోగ్రాము నిలిచే మెమరీ. టీ అంటే నాలుగు వైపులా కాళ్లున్న చదునైన ప్యాకేజీ. చివరి 6 అంటే సున్నాకు దిగువన 40 డిగ్రీల నుంచి 85 డిగ్రీల వరకు పనిచేస్తుందని. గట్టు మీద రేకు పెట్టెలో, మండుటెండలో ఉండే బోర్డుకు ఆ చివరి అంకె చాలా ముఖ్యం. కానీ ఇంత పొడవు పేరులో కోర్ ఏమిటన్నది ఎక్కడా లేదు! అది ఎం3 అని డేటాషీట్‌లో చూసుకోవాలి.

లాజిక్_మాస్టారు (కాకినాడ)

ఆ లోపం లేని పేర్లు రిస్క్-ఫైవ్‌లో ఉన్నాయి. 2010లో బర్కిలీలో మొదలైన ఈ ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చు. దాని పేరే జాబితా. ఈఎస్‌పీ32-సీ3 కోర్ ఆర్‌వీ32ఐఎంసీ. 32 బిట్లు, ఐ అంటే పూర్ణాంకాల మూల ఆదేశాలు, ఎం అంటే గుణకార భాగహారాలు, సీ అంటే కుదించిన పొట్టి ఆదేశాలు. ఎఫ్ లేదు కాబట్టి దశాంశాల లెక్కలకు ప్రత్యేక సర్క్యూట్ లేదని పేరు చూడగానే తెలుస్తుంది. ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్లు, సీ-డాక్ వేగ ప్రాసెసర్లు ఈ ఇన్‌స్ట్రక్షన్ సెట్ మీదే కట్టినవి.

పాలకొల్లు_ఫర్మ్‌వేర్

పేరే జాబితా అయితే జాబితా పెరిగినకొద్దీ పేరూ పెరుగుతుంది మాస్టారూ. ఇప్పుడు జెడ్‌తో మొదలయ్యే విస్తరణలు కుప్పలుగా వచ్చి ఒక కోర్ పేరు రెండు వరుసలు దాటుతోంది. అది భరించలేకే ఆర్‌వీఏ23 వంటి ప్రొఫైళ్లు పెట్టారు. అంటే మళ్లీ అంకెలకే వచ్చారు.

లాజిక్_మాస్టారు (కాకినాడ)

ప్రొఫైల్‌లో ఏ విస్తరణలు తప్పనిసరో అచ్చులో ఉంటుంది. లాయర్లు పెట్టిన అంకె కాదు అది.

గట్టుమీద_సోల్డర్ (భీమవరం)

అందరికీ ధన్యవాదాలు అండీ. ఇలా అనుకుంటున్నాం. సొరుగు చీటీ మీద చిప్పు పూర్తి పేరు, చివరి అక్షరం వరకు, పెద్దగా. దాని కింద ఏ ప్రోగ్రామర్ తగిలించాలో. కోర్, ఇన్‌స్ట్రక్షన్ సెట్ రిజిస్టరులో పక్క గళ్లలో ఉంటాయి. రాత్రి పూట చెయ్యి ముందు సొరుగు మీదికి వెళ్తుంది, రిజిస్టరు మీదికి కాదు. గీకేసినవాటికి లోపల చదివిన కోర్ పేరు రాసి, పక్కన ఏ కంపెనీ బోర్డు నుంచి వచ్చిందో రాస్తాం.

లాజిక్_మాస్టారు (కాకినాడ)

ఇన్‌స్ట్రక్షన్ సెట్ మొదటి గడిలో ఉండాలన్నదే నా మాట. చిప్పుల పేర్లు ఏటా మారతాయి, అది పదేళ్లయినా మారదు. రిజిస్టరు పదేళ్లు ఉండాలా వద్దా?

గట్టుమీద_సోల్డర్ (భీమవరం)

రిజిస్టరులో మీ మాటే మాస్టారూ, మొదటి గడి దానికే. సొరుగు మీద మాత్రం నా మాట.

చీటీలు రాస్తుంటే ఒకటి తగిలింది. ఆక్సిజన్ మీటర్లలో 20 కాళ్ల చిప్పు ఎస్‌టీఎం8ఎస్003ఎఫ్3పీ6. మా కుర్రాడు ఎస్‌టీఎం32 వరుసలో, చివర పెట్టాడు, చిన్న తమ్ముడిలాంటిది అంటున్నాడు. సరేనా?

పాలకొల్లు_ఫర్మ్‌వేర్

సరికాదు. అది ఆర్మ్ కానే కాదు, ఎస్‌టీ కంపెనీ సొంత 8 బిట్ల కోర్. ఫ్లాష్ 8 కిలోబైట్లు. డీబగ్ కూడా రెండు తీగలది కాదు, స్విమ్ అనే ఒకే తీగ పద్ధతి. ఎస్‌టీ-లింక్ వీ2 ప్రోగ్రామర్‌తో పని జరుగుతుంది, దానిలో స్విమ్ పిన్ను విడిగా ఉంటుంది. చవక నకలు ప్రోగ్రామర్ అయితే పిన్నుల వరుస పైన ముద్రించినట్టే ఉందో లేదో ముందు మీటరుతో చూసుకోండి. వేరే సొరుగులో పెట్టించండి.